ఓడతో బదులు చెప్పినవాడు: వి.ఓ. చిదంబరం పిళ్ళై

ఎవరైనా మనకు అన్యాయం చేస్తే ఏం చెయ్యాలి? ఈ ప్రశ్న హాస్టల్లో చదువుకునే మనకు కొత్తది కాదు. క్లాసులో ఎవరో "హాస్టలోళ్ళు" అని ఒక మాట విసురుతారు. కొందరం తల దించుకుని ఊరుకుంటాం. కొందరం సాయంత్రం గేటు దగ్గర కాపు కాస్తాం. మొదటిదానివల్ల కడుపులో మంట మిగులుతుంది. రెండోదానివల్ల టి.సి. చేతికొస్తుంది. ఈ రెండూ కాకుండా మూడో దారి ఉందా అని మేము చాలాసార్లు స్టడీ అవర్‌లో చర్చించుకున్నాం. ఆ చర్చల్లోంచి పుట్టిందే ఈ వ్యాసం.

స్వాతంత్ర్య పోరాటం గురించి చదివేటప్పుడు చిదంబరం పిళ్ళై పేరు మన కంటపడుతుంది. స్వదేశీ ఓడల కంపెనీ పెట్టాడు అని ఒక్క వాక్యంలో ముగిసిపోతుంది. ఒక మార్కు బిట్టుగా గుర్తుపెట్టుకుని మర్చిపోతాం. కానీ ఆ ఒక్క వాక్యం వెనుక ఒక మనిషి, ఒక కంపెనీ, ఒక ప్రభుత్వం ఒకరి మీద ఒకరు ఎలా దెబ్బకు దెబ్బ తీశారో చెప్పే పెద్ద కథ ఉంది. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఆ మహనీయుని జీవితాన్ని మిత్రులకు పరిచయం చేస్తున్నాం.

బాల్యం, చదువు

చిదంబరం పిళ్ళై 1872 సెప్టెంబరు 5న నేటి తమిళనాడులోని ఒట్టపిడారం అనే ఊళ్లో జన్మించారు. అప్పట్లో అది తిరునెల్వేలి జిల్లాలో ఉండేది. తండ్రి ఉలగనాథ పిళ్ళై ప్లీడరు. తల్లి పరమాయి అమ్మాళ్. మహాకవి సుబ్రహ్మణ్య భారతి పుట్టిన ఎట్టయపురం అక్కడికి దగ్గరే. తర్వాతి కాలంలో ఇద్దరూ ప్రాణస్నేహితులయ్యారు.

చిదంబరం కూడా తండ్రిలాగే న్యాయవాద పరీక్ష పాసై 1895లో ప్లీడరుగా పని మొదలుపెట్టారు. పేదవాళ్ల కేసులు ఇష్టంగా తీసుకునేవారు. పోలీసులు పెట్టిన కేసుల్లో కూడా వాదించి నెగ్గేవారు. దాంతో స్థానిక అధికారులకు కంటగింపయ్యారు. 1900 ప్రాంతంలో తూత్తుకుడికి మకాం మార్చారు. అది రేవు పట్టణం. ఆ రేవే ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది.

దేశం తిప్పికొట్టిన తీరు

1905 అక్టోబరు 16న కర్జన్ ప్రభుత్వం బెంగాల్‌ను రెండు ముక్కలు చేసింది. ప్రజలు ఎంత మొత్తుకున్నా వినలేదు. మరి చేతిలో తుపాకీ లేని జాతి ఎలా బదులు చెప్పాలి? బెంగాలీలు ఒక ఉపాయం కనిపెట్టారు. ఇంగ్లీషువాడు మన దేశంలో ఉన్నది వ్యాపారం కోసం. కాబట్టి వాడి సరుకు కొనడం మానేస్తే దెబ్బ సరిగ్గా తగలాల్సిన చోటే తగులుతుంది. విదేశీ బట్టలు తగలబెట్టారు. స్వదేశీ మిల్లులు, బ్యాంకులు, బడులు పెట్టారు. చివరికి 1911లో విభజన రద్దయింది.

ఆ గాలి మన తెలుగునాటకూ వచ్చింది. 1907లో బిపిన్ చంద్రపాల్ విజయనగరం నుంచి మద్రాసు దాకా ఉపన్యాసాలిస్తూ వెళ్లారు. ఆ ఊపులో రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీ విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకున్నారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని కాలేజీ నుంచి బహిష్కరించారు. ఆయన పేరు గుర్తుంచుకోండి, ఈ కథలో మళ్లీ వస్తారు.

తూత్తుకుడిలో చిదంబరం పిళ్ళై ఈ ఉద్యమాన్ని ఇంకో మెట్టు పైకి తీసుకువెళ్లారు. బట్టలు తగలబెట్టడం ఒక ఎత్తు. మన బట్టలు మోసుకెళ్లే ఓడ కూడా వాడిదే అయినప్పుడు ఏం లాభం? తూత్తుకుడి నుంచి కొలంబోకు సరుకు వెళ్లాలన్నా, మనుషులు వెళ్లాలన్నా బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడలే గతి. పోటీ లేదు కాబట్టి కంపెనీ చెప్పిందే రేటు. ఆ గుత్తాధిపత్యాన్ని దెబ్బకొట్టాలని ఆయన సంకల్పించారు.

మన ఓడ

1906 అక్టోబరు 16న స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీ రిజిస్టరయింది. బెంగాల్ విభజన జరిగి ఆ రోజుకు సరిగ్గా ఏడాది. మూలధనం 10 లక్షల రూపాయలు. ఒక్కొక్కటి 25 రూపాయల చొప్పున 40,000 వాటాలు. ఆసియావాసులు మాత్రమే వాటాలు కొనవచ్చని నియమం పెట్టారు. జమీందారు పాండిత్తురై దేవర్ అధ్యక్షులయ్యారు. హాజీ మహమ్మద్ బకీర్ సేట్ అనే వర్తకుడు 8,000 వాటాలకు 2 లక్షల రూపాయలు ఇచ్చారు. హిందువు, ముస్లిం అనే తేడా లేకుండా అందరూ తలో చెయ్యి వేశారు.

మొదట సొంత ఓడలు లేవు. షా లైన్ స్టీమర్స్ అనే సంస్థ దగ్గర అద్దెకు తీసుకున్నారు. ఇంగ్లీషు కంపెనీ ఊరుకుంటుందా? ఆ సంస్థ మీద ఒత్తిడి తెచ్చి ఒప్పందం రద్దు చేయించింది. మామూలు మనిషైతే అక్కడితో చాప చుట్టేసేవాడు. చిదంబరం కొలంబో నుంచి ఇంకో ఓడ అద్దెకు తెచ్చి సర్వీసు ఆగకుండా చూశారు. అద్దె ఓడ ఎప్పటికైనా పరాయిదే అని ఈ దెబ్బతో తెలిసొచ్చింది. వాటాలు అమ్మడానికి బొంబాయి వెళ్లారు. ఓడతో వస్తాను, లేదంటే ఆ సముద్రంలోనే కలుస్తాను అని శపథం పట్టి బయలుదేరారని, అప్పుడు ఇంట్లో కొడుకు జబ్బుతో ఉన్నాడని, భార్య గర్భిణి అని చెప్పుకుంటారు. అన్నమాట నిలబెట్టుకున్నారు. 1907లో గాలియా, లావో అనే రెండు ఓడలు కంపెనీ చేతికి వచ్చాయి. గాలియా తూత్తుకుడి రేవులోకి వచ్చిన రోజు ఊరికి ఊరే ఒడ్డుకు చేరింది. తమిళులు ఆయన్ను నేటికీ "కప్పలోట్టియ తమిళన్" అంటారు. ఓడ నడిపిన తమిళుడు అని అర్థం.

కంపెనీ తిప్పికొట్టిన తీరు

ఇక్కడి నుంచి అసలు పోరాటం మొదలైంది. ప్రయాణికులు స్వదేశీ ఓడ ఎక్కుతుంటే ఇంగ్లీషు కంపెనీ కొలంబో టిక్కెట్టు ధర తగ్గించి ఒక రూపాయి చేసింది. స్వదేశీ కంపెనీ అర్ధ రూపాయి చేసింది. ఇంగ్లీషు కంపెనీ ఇంకా ముందుకు వెళ్లి అసలు టిక్కెట్టే వద్దు, ఉచితంగా ఎక్కండి, పైగా ఒక గొడుగు బహుమతి అంది!

మిత్రులారా, ఈ గొడుగు గురించి మనం కాస్త ఆగి ఆలోచించాలి. ఉచితంగా తీసుకెళ్తే కంపెనీకి నష్టం కాదా? నష్టమే. కానీ దానికి ఇంకా ఎన్నో రేవుల్లో, ఎన్నో దారుల్లో ఓడలున్నాయి. అక్కడి లాభంతో ఇక్కడి నష్టాన్ని పూడ్చుకుంటుంది. స్వదేశీ కంపెనీకి ఉన్నదంతా ఆ రెండు ఓడలు, ఆ ఒక్క దారి. ఎదుటివాడు చచ్చేదాకా నష్టానికి అమ్మడం, వాడు చచ్చాక మళ్లీ రేటు పెంచడం పెద్ద వ్యాపారి పాత ఎత్తుగడ. అంతకు పది పన్నెండేళ్ల ముందు జంషెడ్జీ టాటా చైనాకు, జపాన్‌కు సరుకు రవాణా కోసం ఓడలు అద్దెకు తీసుకుని నడిపినప్పుడు పి అండ్ ఓ కంపెనీ కూడా ఇలాగే రేట్లు తగ్గించి ఆయన ఓడల్ని ఆపించింది.

మరి ఉచిత ఓడ ఎక్కిన పేదవాడిది తప్పా? మేము అలా అనం. సిలోనులో తేయాకు తోటల పనికి పోయే కూలివాడికి అర్ధ రూపాయి అంటే చిన్న మొత్తం కాదు. వాడిని తిట్టడం సులభం. కాని మనం కూడా ప్రభుత్వం ఇచ్చే దుప్పటితో, ప్లేటుతో, పుస్తకాలతో చదువుకుంటున్నవాళ్లం కదా. ఉచితం అనే మాటకు రెండు అర్థాలున్నాయని మనకు తెలియాలి. మనకు హాస్టల్లో అందేది ఎవరి దయా కాదు, అది మన హక్కు, మన తల్లిదండ్రుల చెమటలోంచి వచ్చిన పన్నుల వాటా. ఆనాడు కంపెనీ ఇచ్చిన గొడుగు ఎర. హక్కును తలెత్తుకుని తీసుకోవాలి. ఎరను గుర్తుపట్టాలి. రెండింటికీ తేడా తెలుసుకోవడం కూడా చదువే.

మిల్లు కార్మికుల కోసం

ఆయన పోరాటం వర్తకుల కోసం మాత్రమే అయితే మేము ఈ వ్యాసం రాసేవాళ్లం కాదు. తూత్తుకుడిలో కోరల్ మిల్లు అని ఒక నూలు మిల్లు ఉండేది. యాజమాన్యం ఇంగ్లీషువాళ్లది. తెల్లవారింది మొదలు చీకటి పడేదాకా పని, జీతం అంతంతమాత్రం, వారానికి ఒక సెలవు కూడా లేదు. పిల్లలు కూడా ఆ పనిలో ఉండేవారు. 1908 ఫిబ్రవరి 27న కార్మికులు సమ్మెకు దిగారు. చిదంబరం పిళ్ళై, ఆయన సహచరుడు సుబ్రమణ్య శివ వాళ్లకు అండగా నిలిచారు. సమ్మె చేసేవాడి ఇంట్లో పొయ్యి వెలగకపోతే సమ్మె రెండు రోజుల్లో విరిగిపోతుంది. అందుకని చందాలు పోగుచేసి కార్మికుల కుటుంబాలకు తిండి ఏర్పాటు చేశారు.

ఊరంతా కార్మికుల పక్షాన నిలబడింది. తెల్లవాళ్లకు సరుకు అమ్మేవాళ్లు అమ్మడం మానేశారు. చాకళ్లు, మంగళ్లు పని మానేశారు. స్వదేశీకి వ్యతిరేకంగా మాట్లాడిన ఒక ప్లీడరుకు గడ్డం గీస్తున్న మంగలి సగంలో ఆపేసి వెళ్లిపోయాడని చెప్పుకుంటారు. ఎవరి పనినైతే సమాజం తక్కువగా చూసిందో, వాళ్లు పని ఆపితే ఎంత పెద్దవాడికైనా ఒక్క రోజు గడవదని ఆనాడు తూత్తుకుడి చూసింది. తొమ్మిది రోజుల్లో యాజమాన్యం దిగివచ్చింది. జీతాలు పెంచడానికి, ఆదివారం సెలవు ఇవ్వడానికి ఒప్పుకుంది. దక్షిణ భారతదేశంలో తొలి కార్మిక విజయాల్లో ఇది ఒకటి. ఓడల పోటీని ఓర్చుకున్న ప్రభుత్వం ఈ విజయాన్ని ఓర్చుకోలేకపోయింది.

ప్రభుత్వం తిప్పికొట్టిన తీరు

1908 మార్చి 9న బిపిన్ చంద్రపాల్ జైలు నుంచి విడుదలయ్యారు. ఆ సందర్భంగా అధికారుల అభ్యంతరాన్ని లెక్కచేయకుండా ఊరేగింపు, సభ జరిపారు. మార్చి 12న చిదంబరం పిళ్ళైని, సుబ్రమణ్య శివను తిరునెల్వేలిలో అరెస్టు చేశారు.

మర్నాడు తిరునెల్వేలి భగ్గుమంది. కోపంతో ఉన్న జనం మున్సిపల్ ఆఫీసు, పోస్టాఫీసు, పోలీసు స్టేషను తగలబెట్టారు. పోలీసులు కాల్పులు జరిపారు. నలుగురు ప్రాణాలు కోల్పోయారు. తర్వాత ఆ ఊళ్లలో అదనపు పోలీసులను దింపి, ఆ ఖర్చును పన్నుగా జనం మీదే వేశారు. తగలబెట్టినవాడు, తగలబెట్టనివాడు అన్న తేడా లేకుండా అందరూ కట్టవలసి వచ్చింది.

ఈ కాల్పులను ఖండిస్తూ విజయవాడ నుంచి వెలువడే 'స్వరాజ్య' పత్రికలో సంపాదకీయం రాసినందుకే మన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారికి జైలు శిక్ష పడింది. మొదట వేసిన శిక్ష చాలదని హైకోర్టు దాన్ని మూడేళ్లకు పెంచింది. తమిళుల మీద పేలిన తుపాకీకి ఒక తెలుగువాడు కలంతో బదులు చెప్పి జైలుకు వెళ్లాడంటే మనం గర్వపడవద్దా?

1908 జూలై 7న జడ్జి పిన్హే తీర్పు చెప్పారు. రాజద్రోహపు ప్రసంగానికి ఒక యావజ్జీవ ద్వీపాంతర శిక్ష, శివకు తోడ్పడినందుకు మరొకటి. మొత్తం నలభై ఏళ్లు! మాట్లాడినందుకు నలభై ఏళ్లా అని దేశం నిర్ఘాంతపోయింది. లండన్‌లో ఉన్న భారత వ్యవహారాల మంత్రి మోర్లే కూడా ఇంత కఠిన శిక్షను సమర్థించలేమని వైస్రాయి మింటోకు రాశారు. అప్పీళ్లలో తగ్గుతూ తగ్గుతూ చివరికి అది ఆరేళ్లయింది.

జైలులో గానుగ

కోయంబత్తూరు జైలులో ఆ ప్లీడరును గానుగకు కట్టారు. ఎద్దు తిరగాల్సిన చోట, మండే ఎండలో ఆయన తిరిగి నూనె ఆడారు. రాళ్లు కొట్టించారు. చేతులు పుండ్లు పడ్డాయి. 1910 చివరిలో కన్ననూరు జైలుకు మార్చారు. అంతటి శ్రమలోనూ ఆయన చదవడం, రాయడం మానలేదు. జేమ్స్ ఆలెన్ ఇంగ్లీషు పుస్తకాన్ని తమిళంలోకి అనువదించారు. తన జీవిత కథను పద్యాలలో రాసుకున్నారు. తోటి ఖైదీలకు చదువు చెప్పారు. ఆయన తిప్పిన గానుగను తర్వాత కాలంలో చెన్నైలోని గాంధీ మండపం ఆవరణలో ప్రదర్శనకు పెట్టారు. చెన్నై వెళ్లే మిత్రులు తప్పక చూడాలి.

ఆయన జైలులో ఉండగానే బయట రెండు సంఘటనలు జరిగాయి. నడిపించేవాడు లేక, నష్టాలు తట్టుకోలేక 1911లో స్వదేశీ కంపెనీ మూతపడింది. గాలియా ఓడను కొన్నది ఎవరో కాదు, ఆ ఇంగ్లీషు కంపెనీయే! ఇక 1911 జూన్ 17న వాంచినాథన్ అనే యువకుడు మణియాచ్చి స్టేషనులో రైలు పెట్టెలో కూర్చున్న కలెక్టరు ఆష్‌ను కాల్చి, తనను తాను కాల్చుకున్నాడు. తూత్తుకుడి అణచివేతలో ఆష్ పాత్రకు అది ప్రతీకారమని చాలామంది అనుకున్నారు. రెండు ప్రాణాలు పోయాయి, అరెస్టులు జరిగాయి, కేసులు నడిచాయి. మూతపడిన కంపెనీ మాత్రం తిరిగి తెరుచుకోలేదు.

విడుదల తర్వాత

1912 డిసెంబరు 24న చిదంబరం పిళ్ళై విడుదలయ్యారు. ఓడ వచ్చిననాడు వేల మంది వచ్చారు. జైలు గేటు దగ్గరకు వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. సుబ్రమణ్య శివకు జైలులోనే కుష్ఠు వ్యాధి సోకింది. చిదంబరానికి ఓడలు లేవు, ఆస్తి లేదు, ప్లీడరు సన్నదు కూడా రద్దయింది. సొంత జిల్లాకు వెళ్లలేక మద్రాసులో చిన్న అంగడి పెట్టుకుని బతికారు. దక్షిణాఫ్రికాలోని భారతీయులు ఆయన కోసం చందా పోగుచేసి గాంధీగారికి ఇచ్చారు. ఆ డబ్బు గురించి 1915లో ఇద్దరి మధ్య ఉత్తరాలు నడిచాయి. 1916 మొదట్లో గాని ఆయన చేతికి అందలేదు. లక్షల కంపెనీ నడిపిన మనిషి కొన్ని వందల రూపాయల కోసం ఎదురుచూడవలసి వచ్చింది.

కానీ ఆయన ముడుచుకు కూర్చోలేదు. మద్రాసు కార్మిక సంఘాల్లో పనిచేశారు. సహాయ నిరాకరణ విషయంలో అభిప్రాయభేదం వచ్చి 1920లో కాంగ్రెసుకు దూరమయ్యారు. ప్రాచీన తమిళ గ్రంథాలను పరిష్కరించారు, తిరుక్కురళ్‌కు వ్యాఖ్యానం రాశారు.

ఆయన జీవితంలో మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ కదిలించిన విషయం ఇప్పుడు చెబుతాం. వాలేస్ అనే ఆంగ్ల న్యాయమూర్తి ఆయన ప్లీడరు సన్నదును తిరిగి ఇప్పించారు. ఆ కృతజ్ఞతతో చిదంబరం తన చిన్న కొడుక్కి వాలేశ్వరన్ అని పేరు పెట్టుకున్నారు. ఒక్కసారి ఆలోచించండి. నలభై ఏళ్ల శిక్ష వేసినవాడూ ఇంగ్లీషువాడే, గానుగకు కట్టిన ప్రభుత్వమూ ఇంగ్లీషువాళ్లదే. అయినా మేలు చేసిన ఇంగ్లీషువాడి పేరు తన ఇంట్లో, తన బిడ్డలో నిలుపుకున్నాడు. ఆయన పోట్లాడింది అన్యాయంతో, జాతితో కాదు. కీడును మర్చిపోని మనుషులు చాలామంది ఉంటారు. మేలును కూడా అంతే గట్టిగా గుర్తుపెట్టుకునేవాళ్లు కొందరే.

1936 నవంబరు 18న తూత్తుకుడిలో, కాంగ్రెసు కార్యాలయంలో ఆయన కన్నుమూశారు. చనిపోయేనాటికి మిగిలినవి అప్పులే.

మనం ఏం నేర్చుకోవాలి?

మరి ఆయన ఓడిపోయినట్టే కదా అని మా చర్చలో ఒక తమ్ముడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. లెక్క చూస్తే కంపెనీ పోయింది, ఓడ శత్రువు చేతికి పోయింది, ఆయన సంపాదన పోయింది. గెలిచాడని అబద్ధం చెప్పడం మాకు ఇష్టం లేదు. కానీ లెక్కలో ఇంకో వైపు కూడా ఉంది. కోరల్ మిల్లు కార్మికుడు గెలుచుకున్న ఆదివారం ఉంది. భారతీయుడు సముద్రం మీద ఓడ నడపగలడు అన్న నమ్మకం ఉంది. 1919 ఏప్రిల్ 5న సింధియా కంపెనీవారి లాయల్టీ అనే ఓడ బొంబాయి నుంచి లండన్‌కు బయలుదేరింది. ఇంగ్లీషు కంపెనీలు మళ్లీ రేట్ల యుద్ధం చేసినా సింధియా తట్టుకుని నిలబడింది. ఏప్రిల్ 5ను నేడు జాతీయ సముద్రయాన దినంగా జరుపుకుంటున్నాం. 1972లో ప్రభుత్వం చిదంబరం పిళ్ళై శతజయంతికి తపాలా బిళ్ల వేసింది. 2011 నుంచి తూత్తుకుడి రేవు ఆయన పేరుతోనే ఉంది. ఏ రేవులో ఆయన ఓడను ముంచాలని చూశారో ఆ రేవుకే ఆయన పేరు!

ఈ కథలో బదులు తీర్చుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. కంపెనీ డబ్బుతో బదులు చెప్పింది. ప్రభుత్వం చట్టంతో, తుపాకీతో బదులు చెప్పింది. జనం నిప్పుతో, వాంచినాథన్ పిస్తోలుతో బదులు చెప్పారు. చిదంబరం పిళ్ళై మాత్రం పరాయివాడి ఓడ ఎక్కనని ఊరుకోకుండా తన ఓడను తెచ్చి రేవులో నిలబెట్టారు. నిప్పు పెట్టడానికి ఒక్క సాయంత్రం చాలు. ఓడ కట్టడానికి ఏళ్లు పడుతుంది, వాటాలు అడుక్కోవాలి, అవమానాలు భరించాలి, చివరికి మునిగిపోవచ్చు కూడా. అయినా వెనుక వచ్చేవాడికి దారి చూపేది ఓడే.

ఒక జాగ్రత్త కూడా చెప్పుకోవాలి. ఒక్క మనిషి భుజాల మీద నిలబడిన కంపెనీ, ఆ మనిషిని జైలులో పెట్టగానే కూలిపోయింది. కాబట్టి మనం ఏది తలపెట్టినా ఒక్కడి మీద వదిలెయ్యకూడదు. మెస్‌లో అన్నం బాగాలేదని అడగాలన్నా, రావలసిన ఛార్జీలు ఆలస్యమయ్యాయని అడగాలన్నా అందరం సంతకాలు పెట్టి, కాగితం మీద రాసి, తేదీ వేసి అడుగుదాం. ప్లేట్లు విసిరితే మన ప్లేట్లే పగులుతాయి. మౌనంగా ఉంటే అన్నం అలాగే ఉంటుంది. రాసి అడిగిన కాగితానికి ఎవరో ఒకరు జవాబు చెప్పక తప్పదు.

మన పూర్వ విద్యార్థులలో ఉపాధ్యాయులు, నర్సులు, ఇంజనీర్లు, కండక్టర్లు, పోలీసు ఉద్యోగులు ఉన్నారు. ఇదే వరండాలో ట్రంకు పెట్టె మీద పుస్తకం పెట్టుకుని చదివినవారే. అవమానించిన మాటలకు వాళ్లు చదువుతో బదులు చెప్పారు. అన్నలారా, అక్కలారా, మీరు నడిపిన ఓడలు మాకు కనిపిస్తున్నాయి. మా తర్వాత వచ్చే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మా ఓడలు కూడా కనిపించేలా చదువుతామని ఈ వార్షికోత్సవ వేళ మాట ఇస్తున్నాం.